కొత్త నేల, పాత రుచి: వలస కొరియన్లు నేర్పుతున్న సైన్సు పాఠాలు

నెదర్లాండ్స్‌లో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. అందులో 29 మంది పాల్గొన్నారు. వాళ్లు పుట్టింది దక్షిణ కొరియాలో, పెరిగింది డచ్ కుటుంబాల్లో. పసితనంలోనే దత్తత వచ్చినవాళ్లు. మాట, ఆలోచన అన్నీ డచ్ భాషలోనే. కొంతమందైతే మూడు నుంచి ఐదు నెలల వయసుకే దేశం దాటారు. అంటే అప్పటికి వాళ్లకు ఒక్క మాట కూడా పలకడం రాదు.

వీళ్లతో పాటు కొరియాతో ఏ సంబంధమూ లేని డచ్ వాళ్లకు కూడా కొన్ని కొరియన్ హల్లులను వినిపించి, వాటిని చెవితో వేరుచేసి గుర్తించడంలో శిక్షణ ఇచ్చారు. సాధన తర్వాత దత్తత వచ్చినవాళ్ల ఉచ్చారణ మిగిలినవాళ్లకన్నా స్పష్టంగా మెరుగుపడింది. ఐదు నెలల లోపు వచ్చినవాళ్లకూ, ఏడాదిన్నర వయసు దాదాపుగా నిండాక వచ్చినవాళ్లకూ ఈ విషయంలో తేడా కనిపించలేదు. 2017లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మాటలు రాని వయసులో విన్న శబ్దాల జాడ మూడు దశాబ్దాల తర్వాత కూడా మెదడులో ఎక్కడో మిగిలి ఉందన్నమాట.

మనిషి ఒక దేశం వదిలి మరో దేశానికి వెళ్లినప్పుడు ఏది మారుతుంది, ఏది మిగులుతుంది? నాలుక, తిండి, ఒంటి ఆరోగ్యం, మనసు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్న లెక్క... వీటిలో ఒక్కోటి ఒక్కో వేగంతో మారుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా పరిశీలించిన సమూహాల్లో కొరియన్లు ఒకరు. నేడు 70 లక్షల మంది దాకా కొరియన్ మూలాలున్నవాళ్లు కొరియా ద్వీపకల్పం వెలుపల నివసిస్తున్నారు. వాళ్ల అనుభవం నుంచి వచ్చిన పరిశోధనలు వలస వెళ్లిన ఏ సమూహానికైనా పనికొచ్చేవే.

చెరకు తోటల నుంచి కొరియాటౌన్ దాకా

1903 జనవరి 13న ‘గేలిక్’ అనే ఓడ హవాయి దీవుల్లోని హొనొలులు రేవుకు చేరింది. అందులో వందమందికి పైగా కొరియన్లు ఉన్నారు. చెరకు తోటల్లో కూలి పని కోసం వచ్చినవాళ్లు. మన తెలుగు కూలీలు మారిషస్, నటాల్ చెరకు తోటలకు ఓడలెక్కి వెళ్లిన కథలాంటిదే ఇదీను. 1905 నాటికి ఇలా 7 వేల మంది దాకా హవాయికి చేరారు. వారిలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. తర్వాతి ఏళ్లలో ఫొటోలు చూసి పెళ్లి కుదుర్చుకున్న వధువులు కొరియా నుంచి ఓడల్లో వచ్చారు. అలా అక్కడ సంసారాలు మొదలయ్యాయి.

అసలైన పెద్ద అల 1965 తర్వాత వచ్చింది. జాతిని బట్టి కోటా పెట్టే పాత వలస చట్టాన్ని అమెరికా ఆ ఏడాది మార్చింది. చదువుకున్న కొరియన్లు కుటుంబాలతో సహా వెళ్లడం మొదలైంది. 1980ల చివరికి ఏటా 30 వేలకు పైగా కొరియన్లు అమెరికాలో స్థిరపడేందుకు వెళ్లారు. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో కొరియన్ పేటలు పెరిగాయి. ఇప్పుడు మిశ్రమ కుటుంబాల వారినీ కలుపుకుంటే అమెరికాలో కొరియన్ మూలాలున్నవారు దాదాపు 20 లక్షలు.

వీరిలో చాలామందికి సొంత దేశంలో డిగ్రీలున్నాయి, గౌరవప్రదమైన ఉద్యోగాలున్నాయి. కొత్త దేశంలో ఆ డిగ్రీకి విలువ లేదు, భాష రాదు. దాంతో కూరగాయల కొట్లు, కిరాణా దుకాణాలు, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపులు పెట్టుకున్నారు. రోజుకు 12 గంటల పైన, వారానికి ఆరేడు రోజులు, మొగుడూ పెళ్లాం ఇద్దరూ కౌంటర్ వెనకే. వలస అంటే మెట్లు ఎక్కడమేనని మనం అనుకుంటాం. కానీ చాలామంది ముందు నాలుగు మెట్లు దిగి, ఆ తర్వాతే ఎక్కడం మొదలుపెడతారు.

నాలుగు దారులు, ఒక అతుకు

రెండు సంస్కృతుల మనుషులు రోజూ ఎదురుపడి బతుకుతుంటే వచ్చే మార్పును సామాజిక శాస్త్రజ్ఞులు ‘అకల్చరేషన్’ అంటారు. మొదట్లో దీన్ని ఒకే గీతగా ఊహించేవారు. ఒక కొసన పాత దేశం, మరో కొసన కొత్త దేశం. ఎంత ముందుకు నడిస్తే పాతది అంత వెనకబడుతుందని లెక్క.

కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ ఈ గీతను రెండు ప్రశ్నలుగా విడదీశారు. పాత సంస్కృతిని నిలుపుకుంటున్నారా? కొత్త సమాజంతో కలుస్తున్నారా? రెంటికీ అవునంటే అది ‘ఏకీకరణ’. పాతది వదిలేసి కొత్తదానిలో కలిసిపోతే ‘విలీనం’. పాతదే పట్టుకుని కొత్తదానికి దూరంగా ఉంటే ‘వేరుగా ఉండటం’. రెండూ లేకపోతే ‘అంచున మిగిలిపోవడం’. ఎన్నో దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో మొదటి దారిలో ఉన్నవారికే మానసిక ఆరోగ్యం సాధారణంగా బాగుంటుందని, నాలుగో దారిలో ఉన్నవారు ఎక్కువ నలుగుతారని తేలింది. అయితే ఏ దారిలో నడవాలన్నది వలస వచ్చినవారు ఒక్కరే తేల్చుకునేది కాదని బెర్రీయే చెప్పారు. అవతలి సమాజం తలుపు తెరవకపోతే ‘ఏకీకరణ’ సాధ్యం కాదు.

లాస్ ఏంజెలెస్ కొరియన్లను అధ్యయనం చేసిన వాన్ మూ హర్, క్వాంగ్ చుంగ్ కిమ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1984లో ఇంకో ఆసక్తికరమైన సంగతి బయటపెట్టారు. అమెరికాలో ఉన్న ఏళ్లు పెరిగేకొద్దీ కొరియన్ల ఇంగ్లిష్ మెరుగవుతోంది, అమెరికన్ స్నేహితులు పెరుగుతున్నారు. కానీ కొరియన్ పత్రికలు చదవడం, కొరియన్ స్నేహాలు, కొరియన్ చర్చికి వెళ్లడం మాత్రం తగ్గడం లేదు. పాతదాని స్థానంలోకి కొత్తది రావడం లేదు, పాతదానికే కొత్తది వచ్చి అతుక్కుంటోంది. దీనికి వాళ్లు ‘అతుకు సర్దుబాటు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అమెరికాలో ఇరవై ఏళ్లుగా ఉంటూ, ఆఫీసులో ఇంగ్లిష్‌లో మీటింగు నడిపి, ఇంటికొచ్చి ఆవకాయ అన్నం కలుపుకునే తెలుగువాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

నాలుక ఏ వయసు దాకా తిరుగుతుంది?

కొరియన్‌కూ ఇంగ్లిష్‌కూ చాలా దూరం. కొరియన్‌లో తెలుగులో లాగే క్రియ వాక్యం చివర వస్తుంది. ఇంగ్లిష్‌లోని ‘ఎ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ లేవు. ‘ఫ’ ధ్వని లేదు. ‘ర’, ‘ల’ రెండు వేర్వేరు అక్షరాలుగా కాక ఒకే ధ్వనికి రెండు రూపాలుగా ఉంటాయి. ఎదుటివారి వయసు, హోదాలను బట్టి క్రియారూపమే మారిపోతుంది. మన ‘నువ్వు, మీరు’ తేడా కన్నా దాని మెట్లు ఎక్కువ.

ఇంత దూరంగా ఉన్న భాషను ఏ వయసులో నేర్చుకుంటే సొంత భాషలా వస్తుంది? ఈ ప్రశ్నకు జాక్వెలిన్ జాన్సన్, ఎలిసా న్యూపోర్ట్ 1989లో చేసిన అధ్యయనం చాలా ప్రసిద్ధం. వాళ్లు కొరియన్ లేదా చైనీస్ మాతృభాషగా ఉన్న 46 మందిని తీసుకున్నారు. మూడేళ్ల వయసులో అమెరికా వచ్చినవారి నుంచి 39 ఏళ్లకు వచ్చినవారి దాకా అందులో ఉన్నారు. ఇంగ్లిష్ వాక్యాలు వినిపించి ఏది తప్పో, ఏది ఒప్పో చెప్పమన్నారు. ఏడేళ్ల లోపు వచ్చినవారు అక్కడే పుట్టినవారితో సమానంగా చెప్పారు. ఆ తర్వాత యవ్వనం వచ్చేదాకా వచ్చిన వయసు పెరిగేకొద్దీ మార్కులు తగ్గుతూ పోయాయి. పెద్దయ్యాక వచ్చినవారిలో మాత్రం ఒకరికీ ఒకరికీ పొంతన లేదు.

అయితే దీన్ని బట్టి ‘పన్నెండేళ్లు దాటితే మెదడు తలుపులు మూసుకుంటుంది’ అని తేల్చేయవచ్చా? 1999లో జేమ్స్ ఫ్లెగె బృందం అమెరికాలో స్థిరపడిన 240 మంది కొరియన్లను పరీక్షించింది. ఒకటి నుంచి 23 ఏళ్ల మధ్య వయసుల్లో వచ్చినవారు వాళ్లంతా. చిన్నప్పుడే వచ్చినవారికి సహజంగానే అమెరికాలో చదువు ఎక్కువ, ఇంగ్లిష్ వాడకమూ ఎక్కువ. ఈ తేడాలను లెక్కలోకి తీసుకుని సరిచేసి చూస్తే రెండు వేర్వేరు ఫలితాలు వచ్చాయి. యాస విషయంలో వచ్చిన వయసు ప్రభావం అలాగే నిలబడింది. వ్యాకరణం విషయంలో మాత్రం అది చాలావరకు కరిగిపోయింది. అక్కడ చదువుకున్న ఏళ్లు, రోజువారీ వాడకం ముఖ్యమని తేలింది. నలభై ఏళ్లకు వెళ్లినవారికి యాస పోకపోవచ్చు. భాష రాదనుకోవడానికి మాత్రం అది కారణం కాదు.

మరిచిపోయిన మాట ఎక్కడికి పోతుంది?

కొత్త భాష రావడం ఒక ఎత్తు, పాత భాష పోవడం మరో ఎత్తు. 1950ల నుంచి దాదాపు 2 లక్షల మంది కొరియన్ పిల్లలు విదేశాలకు దత్తత వెళ్లారు. 2003లో ఫ్రాన్స్‌లో క్రిస్టోఫ్ పాలియే బృందం అలాంటి ఎనిమిదిమందిని పరీక్షించింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయసులో వచ్చినవారు వాళ్లు. అంటే చక్కగా కొరియన్ మాట్లాడిన పిల్లలే. పెద్దయ్యాక కొరియన్ వాక్యాలు వినిపిస్తే ఏ భాషో గుర్తుపట్టలేకపోయారు. మెదడు స్కానింగులో కూడా కొరియన్ వింటున్నప్పుడు, తెలియని వేరే భాష వింటున్నప్పుడు తేడా కనిపించలేదు. మాతృభాష మొత్తం తుడిచిపెట్టుకుపోయిందనే అనిపించింది.

మొదట చెప్పుకున్న డచ్ ప్రయోగం దీనికి విరుద్ధంగా కనిపిస్తుంది. నిజానికి రెండూ వేర్వేరు ప్రశ్నలు అడిగాయి. ‘ఇప్పుడు గుర్తుందా?’ అన్నది మొదటిది. ‘మళ్లీ నేర్పితే త్వరగా వస్తుందా?’ అన్నది రెండోది. గుర్తు లేకపోయినా తిరిగి నేర్చుకునే వేగంలో పాత జాడ బయటపడుతోంది. కొరియన్‌లో ‘త’ వర్గానికి దగ్గరగా ఉండే మూడు హల్లులున్నాయి. ఒకటి మెత్తగా, ఒకటి బిగించి, ఒకటి ఊపిరి వదిలి పలకాలి. మనకు త, థ, ద, ధ నాలుగూ వేరుగా వినిపించినట్టే వాళ్లకు ఆ మూడూ వేరుగా వినిపిస్తాయి. ఈ విభజనను పసిబిడ్డ మొదటి కొన్ని నెలల్లోనే చెవితో పట్టేస్తుంది. పరదేశంలో పుట్టిన మనవళ్లతో ఫోనులో తెలుగులో మాట్లాడే అమ్మమ్మలు, నానమ్మలు ‘వీడికి అర్థమవుతుందా’ అని సందేహించనక్కర్లేదు. జవాబు రాకపోయినా చెవి పని చేస్తూనే ఉంటుంది.

క్యాబేజీ దొరకని చోట కిమ్చి

కొరియన్ వలసల్లో అన్నీ ఇష్టపడి వెళ్లినవి కావు. 1860ల నుంచి కొందరు కొరియన్ రైతులు సరిహద్దు దాటి రష్యా తూర్పు కొసలో స్థిరపడ్డారు. 1937లో స్టాలిన్ ప్రభుత్వం వాళ్లను జపాన్ గూఢచారులు కావచ్చని అనుమానించి, 1,70,000 మందికి పైగా కొరియన్లను రైళ్లలో ఎక్కించి కజకిస్థాన్, ఉజ్బెకిస్థాన్‌లకు తరలించింది. కొన్ని వారాల ప్రయాణం. దిగిన చోట చాలామందికి ఇళ్లు లేవు. నేలలో గోతులు తవ్వుకుని మొదటి శీతాకాలం గడిపారు. ఎందరో చనిపోయారు. మిగిలినవాళ్లు ఆ మెట్ట నేలల్లో కాలువలు తవ్వి వరి పండించారు. వీరినే ‘కోర్యో సారమ్’ అంటారు.

ఈ కొత్త నేల మీద కిమ్చికి కావలసిన పొడవాటి క్యాబేజీ దొరకలేదు. కిమ్చి అసలు రహస్యం ఉప్పులో ఉంది. ఉప్పు వేసి ఊరబెట్టగానే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వెనక్కి తగ్గి, ల్యూకొనాస్టాక్, లాక్టోబాసిల్లస్ లాంటి లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలు పెరుగుతాయి. పులుపు ఎక్కేకొద్దీ కూర నిల్వ ఉంటుంది. మన ఇడ్లీ పిండి పులియడంలోనూ ఇదే కుటుంబం బ్యాక్టీరియా పని చేస్తుంది. మధ్య ఆసియాలో చౌకగా దొరికింది క్యారెట్. కోర్యో సారమ్ ఆడవాళ్లు క్యారెట్‌ను సన్నటి పోగుల్లా తరిగి, ఉప్పు, వెనిగర్, వెల్లుల్లి, ధనియాలు, కారం వేసి, పైన మరుగుతున్న నూనె పోశారు. పులియబెట్టే బదులు వెనిగర్ పులుపు ఇచ్చింది. తాలింపు పెట్టిన పచ్చడికి ఇది దూరపు చుట్టం. దాని పేరు ‘మోర్కోవ్‌చా’. రష్యన్‌లో క్యారెట్‌ను పిలిచే మాటకు కొరియన్ తోక తగిలించిన పేరు. దక్షిణ కొరియాలో చాలాకాలం ఎవరికీ తెలియని ఈ ‘కొరియన్ వంటకం’ పాత సోవియట్ దేశాలంతటా సంతల్లో అమ్ముడుపోతుంది.

ఒళ్లు కూడా వలస వెళుతుంది

వైద్య శాస్త్రానికి వలస ఒక సహజ ప్రయోగం. జన్యువులు అవే, పరిసరాలు వేరు. ఏ జబ్బు ఎందువల్ల వస్తుందో విడదీసి చూడటానికి ఇది వీలిస్తుంది.

కడుపు క్యాన్సర్ ప్రపంచంలో ఎక్కువగా కనిపించే దేశాల్లో దక్షిణ కొరియా ఒకటి. హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా, ఎక్కువ ఉప్పున్న తిండి దీనికి ముఖ్య కారణాల్లో ఉన్నాయి. అమెరికాకు వలస వెళ్లిన కొరియన్లలో ఈ క్యాన్సర్ కొరియాలోకన్నా తక్కువ. కానీ అక్కడి శ్వేతజాతీయుల కన్నా చాలా ఎక్కువ. చిన్నప్పుడే కడుపులో చేరిన బ్యాక్టీరియా విమానమెక్కి వెంట వెళుతుంది కదా. మరోవైపు పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లు కొత్త దేశపు తిండి, జీవనశైలిని బట్టి పెరిగే ధోరణి చూపుతాయి.

ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే చిక్కు ఒకటుంది. దక్షిణ కొరియాలో 40 ఏళ్లు దాటినవారికి రెండేళ్లకోసారి కడుపు పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో భాగం. జబ్బు ముందే బయటపడి చాలామంది బతుకుతున్నారు. అమెరికాలో అలాంటి ఏర్పాటు అందరికీ లేదు. అక్కడ ఆ జబ్బు అరుదు కాబట్టి డాక్టరుకు ముందుగా ఆ అనుమానం రాకపోవచ్చు. రోగే తన కుటుంబ చరిత్ర చెప్పి అడగాలి. భాష రాని ముసలాయనకు అది ఎంత కష్టమో ఊహించవచ్చు.

బరువు లెక్క కూడా అంతే. బీఎంఐ 25 దాటితే అధిక బరువని సాధారణ కొలత. కానీ ఆసియా ప్రజల్లో అంతకన్నా తక్కువ బరువుకే మధుమేహం ముప్పు మొదలవుతుందని, 23 నుంచే జాగ్రత్త పడాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించారు. ఇది కొరియన్లకు ఎంత వర్తిస్తుందో మనకూ అంతే వర్తిస్తుంది.

ఎక్కడికి వెళ్లినా మారనివీ ఉన్నాయి. దాదాపు 30 శాతం కొరియన్లలో మద్యాన్ని విరగ్గొట్టే ఒక ఎంజైము బలహీనంగా ఉంటుంది. ఒక గ్లాసుకే మొహం ఎర్రబడుతుంది. అది సిగ్గు కాదు, ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం రక్తంలో పేరుకుపోతున్న గుర్తు. వాళ్లు తాగుడు మానకపోతే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. పౌరసత్వం మారినా ఈ జన్యువు మారదు.

గుండెల్లో కుంపటి

తెలుగులో ‘కడుపు మంట’ అంటాం, ‘గుండెల్లో కుంపటి’ అంటాం. కొరియన్లకు దీనికో జబ్బు పేరే ఉంది, ‘హ్వాబ్యుంగ్’. ‘హ్వా’ అంటే నిప్పు, కోపం. ‘బ్యుంగ్’ అంటే జబ్బు. ఏళ్ల తరబడి దిగమింగిన కోపం, అన్యాయం ఒంటి మీద బయటపడుతుంది. ఛాతీ బిగుసుకుపోవడం, ఒళ్లంతా వేడి ఆవిర్లు, గొంతులోనో పొట్ట పైభాగంలోనో ఏదో గడ్డ అడ్డుపడినట్టుండటం, నిట్టూర్పులు, నిద్ర పట్టకపోవడం దీని లక్షణాలు. నడివయసు ఆడవాళ్లలో ఎక్కువ.

1980ల్లో అమెరికాలోని కొరియన్ రోగుల ద్వారా ఇది పాశ్చాత్య మానసిక వైద్యుల దృష్టికి వచ్చింది. 1994లో అమెరికన్ మనోరోగ వైద్య సంఘం తన వర్గీకరణ గ్రంథంలో దీన్ని చేర్చింది. దీని వెనకున్న పాఠం సాదాసీదాది. అదే మనిషి పరాయి భాషలో డాక్టరుకు ‘నాకు ఛాతీలో బరువుగా ఉంది’ అంటే గుండె పరీక్షలు రాస్తారు. పరీక్షల్లో ఏమీ లేదని తేలితే ఇంటికి పంపేస్తారు. తన బాధకు సొంత భాషలో ఉన్న పేరు తెలిసిన డాక్టరు ఉంటే సంభాషణ వేరే చోట మొదలవుతుంది.

ముసలితనంలో వలస వచ్చినవారి పరిస్థితి మరీ కష్టం. పిల్లలు పిలిస్తే వచ్చి, కారు నడపడం రాక, పక్కింటివాళ్ల మాట అర్థంకాక, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. అమెరికాలోని కొరియన్ వృద్ధుల్లో కుంగుబాటు లక్షణాలు ఎక్కువని పలు అధ్యయనాలు చూపాయి. కొరియాటౌన్‌లో నడిచి వెళ్లగల దూరంలో అంగడి, వృద్ధుల కేంద్రం, సొంత భాష మాట్లాడే ఆసుపత్రి ఉంటే వాళ్లకు అదే పెద్ద మందు.

చీటీలు, చర్చి, సా-ఇ-గు

బ్యాంకు అప్పు ఇవ్వని కొత్తవాళ్లు దుకాణాలకు పెట్టుబడి ఎక్కడ తెచ్చారు? కొందరికి సొంత పొదుపు ఉంది, కొందరికి బంధువులు సర్దారు, మరికొందరికి ‘క్యె’ ఉంది. పదిపదిహేనుమంది నెలనెలా కొంత సొమ్ము వేసి, ఒక్కో నెల ఒక్కొక్కరు మొత్తం తీసుకుంటారు. వంతుల వారీగా కొన్ని నడుస్తాయి, పాట పాడి కొన్ని. అచ్చంగా మన చీటీలే. హామీ పత్రాలుండవు, మాటే హామీ. ఎగ్గొట్టినవాడికి ఆ పేటలో మొహం చెల్లదు.

చర్చి కూడా ఇలాంటి ఆసరాయే. దక్షిణ కొరియాలో క్రైస్తవులు మూడో వంతు కన్నా తక్కువ. అమెరికాలోని కొరియన్లలో మాత్రం 2012 నాటికి దాదాపు 70 శాతం ఉండేవారు. భక్తితో పాటు ఇల్లు అద్దెకు ఎక్కడ దొరుకుతుంది, ఏ స్కూలు మంచిది, ఎవరి షాపులో పని ఖాళీ ఉంది అనే కబురంతా అక్కడే దొరుకుతుంది. దేశంలో పోగొట్టుకున్న హోదా కూడా ఆదివారం నాడు అక్కడ కొంత తిరిగి దొరుకుతుంది.

కానీ సొంత గూటిలో బలం ఎంత పెరిగినా, బయటి సమాజంతో వంతెన లేకపోతే ఏమవుతుందో 1992 చూపించింది. లాస్ ఏంజెలెస్‌లో పేద నల్లజాతి పేటల్లో చాలా కొట్లు కొరియన్లవే. ఇరువర్గాల మధ్య అపనమ్మకం అప్పటికే ముదిరింది. 1991లో ఒక కొరియన్ దుకాణదారు 15 ఏళ్ల నల్లజాతి బాలికను కాల్చి చంపడం, ఆమెకు జైలుశిక్ష పడకపోవడం ఆ గాయాన్ని మరింత లోతు చేశాయి. 1992 ఏప్రిల్ 29న, ఒక నల్లజాతీయుణ్ణి చావగొట్టిన కేసులో పోలీసులు నిర్దోషులుగా బయటపడటంతో నగరం భగ్గుమంది. 2 వేలకు పైగా కొరియన్ దుకాణాలు దెబ్బతిన్నాయి. కొరియన్లు ఆ రోజును ‘సా-ఇ-గు’ అంటారు. అంటే నాలుగు-రెండు-తొమ్మిది. ఏళ్ల కష్టం బూడిదైపోతుంటే పోలీసులు రాలేదు. తమ గోడు ఇంగ్లిష్‌లో టీవీ ముందు చెప్పగల పెద్దలూ వాళ్లలో తక్కువ.

పిల్లలే దుబాసీలు

ఆ తర్వాత గొంతు విప్పినవారిలో చాలామంది ‘ఒకటిన్నర తరం’. కొరియాలో పుట్టి, చిన్నతనంలో వలస వచ్చి, రెండు భాషల్లో పెరిగినవాళ్లను కొరియన్లు ‘ఇల్-జమ్-ఓ-సే’ అంటారు. ‘ఒకటి పాయింట్ ఐదో తరం’ అని అర్థం. ఈ పిల్లలు ఇంట్లో దుబాసీలు. పదేళ్ల పిల్ల కరెంటు బిల్లు చదివి నాన్నకు చెప్పాలి. బ్యాంకులో, ఆసుపత్రిలో అమ్మ తరఫున మాట్లాడాలి. దీని ప్రభావంపై పరిశోధనలు రెండు రకాలుగానూ చెబుతున్నాయి. కొందరికి ఆత్మవిశ్వాసం, భాషా నైపుణ్యం పెరుగుతాయి. కానీ అమ్మకు వచ్చిన జబ్బు గురించి డాక్టరు చెప్పే మాటను పిల్లే అనువదించాల్సి వస్తే ఆ బరువు వేరు. వయసును బట్టి గౌరవం నడిచే ఇంట్లో, పెద్దలు పిల్లల మీద ఆధారపడటం ఇద్దరికీ ఇబ్బందే. అందుకే ఆసుపత్రుల్లో పిల్లల్ని కాకుండా శిక్షణ పొందిన దుబాసీలను వాడాలని వైద్య నిపుణులు గట్టిగా చెబుతారు.

ఇంగ్లిష్ కోసం కుటుంబాన్నే రెండుగా చీల్చుకున్నవారూ ఉన్నారు. తల్లీ పిల్లలూ అమెరికాలోనో కెనడాలోనో, తండ్రి సియోల్‌లో ఉద్యోగం చేస్తూ డబ్బు పంపుతూ. అలాంటి తండ్రిని ‘గిరగి అప్ప’ అంటారు. గిరగి అంటే అడవి బాతు. రుతువు వచ్చినప్పుడు ఎగిరి వెళ్లి పిల్లల్ని చూసి వచ్చే పక్షి.

పెనుకొండ నుంచి చూస్తే

కొరియన్లు మన దగ్గరా ఉన్నారు. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో 1990ల్లో హ్యుందాయ్, శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాయి. వాటితో పాటు కొరియన్ ఇంజినీర్లు, వాళ్ల కోసం కొరియన్ భోజనశాలలు వచ్చాయి. వీళ్లలో చాలామంది కొన్నేళ్లు ఉండి వెళ్లిపోయేవాళ్లే. తిరిగి వెళ్లే తేదీ తెలిసినవాడి సర్దుబాటుకూ, తిరుగు టికెట్టు లేనివాడి సర్దుబాటుకూ చాలా తేడా ఉందని పరిశోధకులు రెంటినీ వేరుగా చూస్తారు.

మన సోనా మసూరి అన్నం వాళ్లకు పొడిపొడిగా అనిపిస్తుంది. కారణం రసాయనమే. పిండిపదార్థంలో అమైలోజ్ ఎక్కువుంటే మెతుకు విడివిడిగా ఉంటుంది, తక్కువుంటే అతుక్కుంటుంది. కొరియన్లు తినే పొట్టి గింజ బియ్యంలో అది తక్కువ. చాప్‌స్టిక్స్‌తో తినడానికి అతుక్కునే మెతుకే వీలు. మరోవైపు మన వాక్య నిర్మాణం వాళ్లకు ఇంగ్లిష్ కన్నా సుళువు. వాళ్లు అమ్మను ‘ఒమ్మ’ అని, నాన్నను ‘అప్ప’ అని పిలవడం విని చాలామంది రెండు భాషలకూ చుట్టరికం కలుపుతారు. అయితే ‘మ’, ‘ప’ పసిపిల్లలు అన్నిటికన్నా ముందు పలికే ధ్వనులు. ప్రపంచంలో ఎన్నో సంబంధం లేని భాషల్లో అమ్మానాన్నల పేర్లు వాటితోనే ఉంటాయి. కాబట్టి ఆ పోలిక చుట్టరికానికి రుజువు కాదు.

చివరగా మళ్లీ కోర్యో సారమ్ దగ్గరికి వెళదాం. సోవియట్ యూనియన్ విడిపోయాక వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు వేల సంఖ్యలో దక్షిణ కొరియా చేరారు. గ్వాంగ్‌జు, అన్సాన్ నగరాల్లో వాళ్ల పేటలున్నాయి. మొహం కొరియన్, ఇంటిపేరు కొరియన్, మాట్లాడేది రష్యన్. పూర్వీకుల దేశంలో వాళ్లు మళ్లీ వలసదారులే. పిల్లలు బడిలో కొరియన్ అక్షరాలు మొదటి నుంచి దిద్దుతున్నారు. ఆ పేటల అంగళ్లలో క్యారెట్ పచ్చడి దొరుకుతుంది. అక్కడికొచ్చే స్థానిక కొరియన్లు దాన్ని మధ్య ఆసియా వంటకమని కొనుక్కుని వెళుతున్నారు.